తొలికోత తట్ట

డాక్టరు అన్నం తగ్గించమన్నాక మా వంటింట్లోకి సామలు ప్యాకెట్టులో వచ్చాయి. విశాఖపట్నంలో మేముండే వీధి చివర పెద్ద దుకాణంలో, నూనె సీసాల పక్క అరలో పెట్టి అమ్ముతారు. మర ఆడించి, మెరుగు పట్టించి, రాయీ రప్పా లేకుండా శుభ్రంగా ఉంటాయి. కుక్కరు మూత తీస్తే ఆవిరి వస్తుందిగాని వాసన రాదు. మొన్నొకరోజు ఫోను మాట్లాడుతూ పొయ్యి సంగతి మరిచిపోతే అడుగంటింది. ఆ మాడులోంచి, ఎక్కడో చాలా కింద నుంచి, అటక మీద పొగకి ఆరిన కొత్త సామల వాసన సన్నగా లేచింది. పొయ్యి కట్టేసి గిన్నె దించకుండా అలాగే నిలబడ్డాను.

మా ఊరు అరకు లోయకి పైన, కొండ నడుము మీద ఉండేది. కింద నుంచి చూసేవాళ్ళకి చెట్లే తప్ప ఇళ్ళు కనిపించేవి కావు. పైనుంచి చూసే మాకు మాత్రం లోయంతా మాదే అన్నట్టుండేది. ఎర్రమట్టితో అలికిన గోడలు, పెంకుల కప్పులు, ప్రతి ఇంటి ముందూ మనిషి పడుకునేంత వెడల్పు అరుగు. వానాకాలంలో మబ్బు వీధిలోంచి నడిచి వచ్చి అడక్కుండా ఇంట్లో దూరేది, దుప్పట్లు తడిసిన గొర్రెపిల్లల వాసన వేసేవి. దసరా వెళ్ళేసరికి చలి మొదలై, కార్తీకంలో కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపెక్కి, క్రిస్మస్ నాటికి పొద్దుటిపూట అరుగు మీద పెట్టిన చెంబులో నీళ్ళు పళ్ళు జివ్వుమనిపించేవి. ఎండాకాలం పనసతొనల జిగురు మోచేతుల దాకా కారించుకుంటూ, అడ్డతీగ పిక్కలు నిప్పుల్లో కాల్చుకుని తింటూ, మిగిలిన పిక్కలతో అరుగుల మీద ఆటలాడుతూ గడిపేవాళ్ళం. లోయలో రైలు కూసేది. ఆ కూత సొరంగంలో చచ్చిపోయి, మేం ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకుంటుంటే, అవతల వైపు మళ్ళీ బతికేది.

ఊళ్ళో సగం ఇళ్ళు కొండదేవతకి మొక్కేవి, మిగతా సగం మాలాగే పూజకి వెళ్ళేవి. కతోలికులం కాబట్టి ఆదివారం ఆరాధనని మేం పూజ అనే అంటాం. కాని మా ఊరికి పూజ నెలకొక్క ఆదివారమే. విచారణ గుడి, అంటే ఈ కొండలన్నిటికీ పెద్దగుడి, కింద లోయలో ఉండేది, ఫాదరు గారు అక్కణ్ణించి జీపులో వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి వచ్చి ప్రార్థన చెప్పించేవాడు. ఆయన మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్కడు, కొండవాగు గెడ్డకి అవతల ఊళ్ళో కాపురం. మా గుడికి మట్టిగోడలు, రేకుల కప్పు. వాన పడితే ఫాదరు చెప్పేది ఎవరికీ వినబడేది కాదు, అయినా అందరూ సరైన చోట్లలో మోకరించేవారు. క్రిస్మస్‌కి వెదురుపుల్లల నక్షత్రాలు కట్టి, పూజ అయ్యాక గుడి ముందే ఆడవాళ్ళు ఒకరి నడుం చుట్టూ ఒకరు చేతులు వేసి థింసా ఆడేవారు. ఆ వరసలో అందరికంటే పొట్టి మనిషి మా మామ్మ, మా నాన్నకి తల్లి.

మామ్మకి దేవుడి విషయంలో కొలతలు తెలియవు. పూజకి గంట ముందు నుంచి ఏమీ తినకుండా ఉంటే సత్ప్రసాదం తీసుకోవచ్చని ఫాదరు చెప్పేవారు. మామ్మ ముందురోజు పొద్దు గూకినప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. జీపు దారిలో ఆగిపోయి ఫాదరు మధ్యాహ్నం దాటాక వచ్చినా అలాగే పెదాలు ఎండబెట్టుకుని కూర్చునేది. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలంలో శుక్రవారాలు మాంసం మానేస్తే చాలు. మామ్మ చుట్ట మానేసేది. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళలాగే ఆమెది అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొద్దస్తమానం పనిచేసేది. విభూతి బుధవారం పొద్దున్న చుట్టలకట్ట తీసి చూరులో దోపేసేది, ఈస్టరు పూజ అయ్యేదాకా అటు చూసేది కాదు. ఆ వారాలన్నీ ఇంట్లో మాకు నరకం. చీపురు అడ్డంగా ఉంటే తప్పు, నిలువుగా ఉంటే తప్పు.

తాత అరుగు మీంచి అనేవాడు, "దేవుడు సుట్ట మానమన్నాడు గానీ మా మీద అరవమన్నాడేటే? ఆ ఒక్కటీ కాల్సుకో, మేవందరం పరలోకానికి ఎల్తాం."

"నువ్వు ఒల్లకుండు. నువ్వు మానింది ఏటైనా ఉందా, జీవితంలో?"

"ఉంది. నీతో వాదించడం మానీసేను."

తాత మామ్మ కోసమే జ్ఞానస్నానం తీసుకున్నాడని ఊళ్ళో అందరికీ తెలుసు. గుడికి వచ్చేవాడు, వెనకాల గోడకి ఆనుకుని కూర్చునేవాడు, పాటలప్పుడు పెదాలు కదిపేవాడు. ఆయన భక్తి అంతా కొండవాలులోనే ఉండేది. ఏ పొలం చెక్కలో ఏ గింజ ఎప్పుడు పడాలో, వాన ఎటు నుంచి వస్తే విత్తనం ఆపాలో ఆయనకి ఒంట్లో తెలిసేది. మా నాన్న ఆశ్రమ పాఠశాలలో పంతులు. ఆయన దేనికైనా ఎంత చెయ్యాలో అంత చేసేవాడు, దేవుడికైనా సర్కారుకైనా. తల్లి పద్ధతి ఆయనకి అర్థమయ్యేది కాదు. "నువ్వు ఇలా సేత్తే మిగతావోల్లందరూ సెయ్యనట్టు కనబడతాది అమ్మా" అని విసుక్కునేవాడు.

మా కొండల్లో కొత్తపంటని ఎవరూ ఊరికే తినరు. మామిడైనా, చిక్కుడైనా, కందైనా, కొర్రలైనా, ముందు కొండదేవతకి పెట్టాలి. మంచిరోజు దిసారి చూసి చెబుతాడు, ఆ రోజు దేవతకి పెట్టి, కొత్త పండగ చేసుకుని, అప్పుడు తింటారు. అంతదాకా చెట్టు కింద పండు రాలి ఉన్నా పిల్లలు వంగరు. మా మామ్మ కొత్తకోడలుగా ఉన్నప్పుడు ఒక ముసలి ఫాదరు కాలినడకన ఈ కొండలెక్కి వచ్చి జ్ఞానస్నానాలిచ్చారట. మామ్మ తాయెత్తులు తీసేసింది, మొక్కులు మానేసింది, ఇది మాత్రం వదలలేకపోయింది. దేవుడికి పెట్టకుండా కొత్తగింజ నోట్లో ఎలా పెట్టుకోవాలని ఆయన్నే అడిగిందట. ఆయన, అయితే పూజకి తెచ్చి బలిపీఠం ముందు పెట్టు, ఆ తరవాత తిను అన్నారట. అలా మా ఊరి గుడిలో కోత పూజ మొదలైంది.

మొదట్లో అందరూ తట్టలతో తెచ్చేవారట. నాకు ఊహ తెలిసేనాటికి అది చేటలోకి, చేటలోంచి గుప్పిట్లోకి వచ్చేసింది. పిడికెడు గింజలు ఆకులో పొట్లం కట్టి తెచ్చేవారు. అంతకు వారం ముందే వాళ్ళ ఇళ్ళలో కొత్త సామల జావ కాగిపోయి ఉండేది, ఆ వాసన వీధిలో మా దాకా వచ్చేది. తప్పేమీ కాదని ఫాదరే అన్నారు. మామ్మ మాత్రం ఇంటికి ఎగువనున్న చెక్కలో తొలికోత కోసి, నూర్చి, ఎంత వస్తే అంతా తట్టకెత్తి, పొయ్యి మీది అటకపై పొగకి ఆరబెట్టి, పూజ రోజున నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. ఆ తట్ట గుడి దాటి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ఆ గింజ లేదు. పూజ అయ్యాక అందులో సగం పైన ఫాదరు గారి జీపులో కిందకి, కాన్వెంటు బళ్ళో పిల్లల వంటకి వెళ్ళిపోయేది. అడుగున మిగిలింది మాది. పక్కింటావిడ కాళ్ళు చాపుకుని అరుగు మీద కూర్చుని, "ఏటొదినా, మీ దేవుడు తట్టెడు తింటాడేటి? మావోడు పిడికెడుతో సరిపెట్టుకుంటాడమ్మా" అని నవ్వేది. వాళ్ళూ గుడికి వచ్చేవాళ్ళే. మామ్మ కూడా నవ్వేది.

తొంభైల చివర్లో ఒక ఏడాది, నాకు పదేళ్ళో పదకొండేళ్ళో, సామలు వెన్ను వేసే వేళకి తాత మంచం పట్టాడు. కాళ్ళకి నీరొచ్చి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నాన్న పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కొన్నాళ్ళుంచి, ఇంటికి తీసుకుపొమ్మంటే తీసుకొచ్చేశాడు. తాతకి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. అరుగు మీద మంచం వేయించుకుని, ఎగువ చెక్క వైపు తల తిప్పుకుని పడుకునేవాడు. ఆ చెక్కలో ఆ ఏటి సామలు ఆయన చేత్తో జల్లినవే. ఆయనకి ఏ తిండీ సయించడం మానేసింది. చోడి అంబలి రెండు గుటకలు మింగి చాలనేవాడు. ఒకరోజు మా అమ్మ బతిమాలుతుంటే, "కొత్త సామల జావ దొప్పెడు తాగాలనుందే కోడలా" అన్నాడు. అని, వెంటనే వీధిలోకి చూసి, "ఆవిడికి సెప్పకు" అన్నాడు.

అమ్మ చెప్పకుండా ఎలా ఉంటుంది? మామ్మ అప్పటికే తొలికోత కోసేసింది. తట్ట అటకెక్కి ఆరుతోంది. మామ్మ వచ్చి మంచం పట్టెమీద కూర్చుంది.

"ఆదివారం ఫాదరు ఒత్తారు గదా. అందాకా ఆగలేవేటి?"

"ఆగుతాను. నానెక్కడికి ఎల్తాను?" అన్నాడు తాత, ఆయాసం మధ్యలో నవ్వుతూ.

ఆ ఆదివారం ఫాదరు రాలేదు. బంగాళాఖాతంలో ఏదో పుట్టి, మూడు రోజులు కొండల మీద ఎడతెగని వాన. కింద రోడ్డు మీద కొండచరియ విరిగి పడింది. బస్సు లేదు, జీపు లేదు. గెడ్డ పొంగి ఎర్రగా పరుగెడుతోంది. కోయకుండా ఉన్న చెక్కల్లో సామలు నేలకి ఒరిగిపోయి నానుతున్నాయి. ఇంట్లో ఆరిన కొత్తగింజ అంటూ ఉన్నది అటక మీది ఆ ఒక్క తట్టలోనే. పొయ్యి రాజేసినప్పుడల్లా దాని వాసన కిందకి దిగేది. తాత కళ్ళు మూసుకుని ఉండి కూడా ముక్కుతో దాన్ని వెతుక్కోవడం నేను చూశాను.

వాన కాస్త తెరిపిచ్చిన రోజు సాయంత్రం ఉపదేశి ఎలాగో గెడ్డ దాటి వచ్చాడు. తాతని చూసి, ప్రార్థన చేసి, మామ్మని పక్కకి పిలిచాడు.

"పెద్దమ్మా, తిరుసభ ఇలాంటి రూలు పెట్టలేదు. పిడికెడు తీసి దేవుడికని పక్కన పెట్టి, మిగతాది వండి పెట్టొచ్చు. పాపం కాదు."

"పాపం కాదని నాకూ తెలుసు నాయినా. పాపం కాపోతే సాలేటి?"

నాన్న ఆగలేకపోయాడు. నాన్న గొంతు వీధిలోకి వినబడటం నేనెరిగి అదే మొదలు. "అయ్య పోతన్నాడే అమ్మా! కనబడ్డం నేదేటి నీకు? దేవుడు అడిగేడా? ఫాదరు అడిగేడా? ఎవుడడిగేడు నిన్ను తట్టెడు?" మామ్మ తలెత్తలేదు. నాన్న అటకకేసి ఒకడుగు వేశాడు. తీసి పడేస్తాడనుకున్నాను. ఆయన చెయ్యి పైకి లేచింది, అక్కడే ఆగిపోయింది, కిందకి దిగిపోయింది. బయటికి వెళ్ళి చూరు కింద నిలబడి ఏడ్చాడు. తల్లి చేతిలోంచి గింజలు లాక్కోవడం ఆయన వల్ల కాలేదు.

మామ్మది రాతిగుండె అని ఊళ్ళో అన్నారు. కాదని నాకు తెలుసు. ఆ సాయంత్రమే అందరూ అరుగు మీదున్నప్పుడు ఆమె పీట ఎక్కి తట్టలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసింది. తీసిన చెయ్యి చాలాసేపు అలాగే పట్టుకుంది. తరవాత వేళ్ళు వదులు చేసి గింజల్ని మళ్ళీ తట్టలోకే జారవిడిచింది. పీట దిగుతూ నన్ను చూసింది.

మర్నాడు వెలుగు రాకముందే నన్ను లేపింది. ఫాదరు రాలేకపోతే తనే తట్ట తీసుకుని కిందకి వెళ్తానని, పూజ చేయించి, తాతకి నుదుట నూనె రాసి చివరి అభ్యంగనం ఇవ్వడానికి ఆయన్ని వెంటబెట్టుకు వస్తానని తేల్చుకుంది. ఉపదేశి వెళ్తూ వెళ్తూ, గెడ్డ తగ్గితే తానే కిందకి వెళ్ళి ఫాదరు గారిని తెస్తానన్నాడు. మామ్మ నమ్మలేదు, మళ్ళీ వాన పడితే గెడ్డ దాటనివ్వదని ఆమె అనుభవం. తాతని లేపి కూర్చోబెట్టడానికి నాన్నా అమ్మా ఉండాలి. తోడుకి మిగిలింది నేనే.

నాన్న గుమ్మంలో నిలబడి ఆఖరిసారి అడిగాడు. గొంతులో కోపం లేదు. "సగమైనా ఉంచి ఎల్లమ్మా. దారిలో ఏటవుద్దో."

"తొలికోతని సగం సేత్తే అది మిగులు అవుతాదిరా, తొలికోత కాదు" అంది మామ్మ. తాత మంచం దగ్గరికి వెళ్ళి, "బేగి ఒచ్చెత్తాను" అంది. తాత చెయ్యి కొద్దిగా ఎత్తాడు.

గెడ్డ దారి కాదని మేం గట్టు మీది దారి పట్టాం. అది చుట్టు. తడిసిన ఆకుల మీద కాళ్ళు జారేవి, జలగలు పిక్కలకి పట్టేవి, మామ్మ ఒక చేత్తో తట్ట పట్టుకుని, మోకాళ్ళు వంచి, కొంగున ముడేసుకున్న ఉప్పు రాసి ముందుకి సాగేది. నెత్తిన తట్ట, దాని మీద ప్లాస్టిక్ పట్టా. ముందురోజు నుంచి ఆమె ఏమీ తినలేదు. నాకు మాత్రం అమ్మ కట్టిచ్చిన ఉడికిన దుంపలు దారిలో పెట్టింది. నేను ఒకటి ఆమె నోటికి అందిస్తే తల పక్కకి తిప్పేసింది. దారంతా పెదాలు కదులుతూనే ఉన్నాయి, చేతులు తట్టకి అంకితం కాబట్టి జపమాల మెడలో వేసుకుని లెక్క మనసులోనే పెట్టుకుంది.

విచారణ గుడికి చేరేసరికి ఎండ వచ్చింది. కాన్వెంటు సిస్టరు ఎదురొచ్చారు. ఆవిడది కేరళ, తెలుగు పుస్తకంలోలాగా మాట్లాడేవారు.

"అయ్యో అమ్మా, ఫాదరు గారు ఉదయమే వెళ్ళిపోయారు. ఉపదేశి వచ్చి పిలిచారు. గెడ్డ తగ్గినదట. మీ ఇంటికే వెళ్ళారు."

మామ్మ తట్ట దించలేదు. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం కింద నుంచి నాకు కనబడింది. సిస్టరు టీ, బన్ను తెచ్చారు. "కొంచెం తినండి అమ్మా. దేవుడు కోపగించడు. తట్టను ఇక్కడ బలిపీఠము ముందు ఉంచండి, ఇద్దరమూ ప్రార్థన చేద్దాము. అది చాలును."

"నీ మాట తీసీడం కాదమ్మా" అంది మామ్మ. బన్ను నాకిప్పించింది. గుడి తలుపులోంచి లోపలికి ఒకసారి చూసింది, నెత్తిన తట్టతోనే మోకాళ్ళు కొంచెం వంచింది, వెనక్కి తిరిగింది.

ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో తరవాత అమ్మ ఎన్నోసార్లు చెప్పింది, ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పింది. మేం ఇంకా గట్టుదారిలో ఉండగానే ఫాదరు తడి బట్టలతో, చేతిలో బూట్లతో వచ్చారు. తాతకి అభ్యంగనం ఇచ్చారు. ఏమైనా కావాలా అని అడిగితే తాత నవ్వి ఊరుకున్నాడు. నాన్న చెప్పాడు సంగతి. ఫాదరు వెంటనే, "అంతేనా, గింజలు తెండి, నేను ఆశీర్వదిస్తాను, వండి పెట్టండి" అన్నారు. నాన్న అటక కేసి చూశాడు. అటక మీద పొగచూరిన గుండ్రని ఖాళీ ఉంది. అడుగున ఒక్క గింజ లేదు, మామ్మ తట్ట దించాక ఆ చోటుని కొంగుతో తుడిచి, రాలినవి కూడా ఏరి తట్టలోనే వేసుకుంది.

పక్కింటావిడ పరుగెత్తి తన ఇంట్లోంచి కొత్త సామలు తెచ్చింది. ఫాదరు ఆశీర్వదించారు. అమ్మ జావ కాచి, చల్లార్చి, చెంచాతో తాత పెదాల దగ్గర పెట్టింది. తాత కళ్ళు తెరిచి, "అది ఒచ్చిందేటి?" అన్నాడు. మామ్మ ఇంకా రాలేదంటే, "రానీ" అన్నాడు. నోరు తెరవలేదు. ఫాదరు చెప్పారు, నాన్న బతిమాలాడు. తాత గోడ వైపు తిరిగిపోయాడు. అందరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు.

మేం ఎక్కుతూనే ఉన్నాం. ఎక్కేటప్పుడు గట్టుదారి ఇంకా పొడుగు. పొద్దు వాలుతుంటే ఊరి కుక్కలు కనబడ్డాయి, తరవాత మా చూరు, తరవాత చూరు కింద ఫాదరు. మామ్మ తట్టని ఆయన కాళ్ళ దగ్గర దించింది. ఫాదరు తట్ట మీద రెండు చేతులూ ఉంచారు. ఆయన ముఖం చూస్తే పూజ చేసేంత వేళ లేదని నాకే తెలిసిపోయింది. "అమ్మా, ఆశీర్వాదం ఇస్తాను. పూజ తరవాత..." అని ఆయన ఇంకా అంటుండగానే మామ్మ, "సరే ఫాదరు" అంది. జన్మలో మొదటిసారి, సరిపెట్టుకోవడానికి ఒప్పుకుంది.

ఆయన ప్రార్థన ముగించేలోపే సామలు రోట్లో పడ్డాయి. అమ్మ రోకలి అందుకోబోతే మామ్మ ఇవ్వలేదు. అరుగు మీద తాత, అరుగు కింద రోలు. దెబ్బ పడినప్పుడల్లా మంచం కోడు సన్నగా అదిరేది. తాత గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. "ఒచ్చింది" అన్నాడు, తనలో తనే. ఆ తరవాత మాట్లాడలేదు. రోకటి చప్పుడు వింటున్నట్టు కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. మామ్మ చేట తీసి చెరిగింది, మళ్ళీ రోట్లో పోసింది, మళ్ళీ దంచింది. మధ్యలో ఎక్కడో నాన్న ఒంగి తాత ముఖం మీద ముఖం పెట్టి, అలాగే ఉండిపోయాడు. ఫాదరు మోకరించారు. అమ్మ అరుగు దిగి మామ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మామ్మ తలెత్తి అమ్మని చూసింది. రోట్లో ఇంకా పొట్టు ఉంది. అది పోయేదాకా దంచింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. మామ్మ వెలిగించింది. వచ్చినవాళ్ళు గుసగుసలాడుతుంటే జావ కాచింది, అడ్డాకు దొప్పలో పోసి మొదట ఫాదరు చేతిలో పెట్టింది. ఆయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. వద్దనలేక, కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, నిలబడే తాగారు. తరవాత నాకు పెట్టింది. "తాగే గుంటా. దేవుడికిచ్చింది పారెయ్యకూడదు." నేను తాగాను. దానంత రుచైనది నేనేమీ తినలేదు, ఆ వయసులో ఆకలిని ఏం చెయ్యగలం? మామ్మ తాగలేదు.

పిడికెడే తీసుకెళ్ళి ఉంటే, అన్న మాట ఆ ఇంట్లో అందరి నోటి చివరా ఉండిపోయింది. ఎవరూ అనలేదు. ఫాదరూ అనలేదు, నాన్నా అనలేదు, పక్కింటావిడ కూడా అనలేదు.

మరుసటి ఏడు సామలు పండాయి. కోత పూజ దగ్గర పడుతుంటే ఇంట్లో అందరం మామ్మ చేతులకేసే చూస్తున్నాం. ఆమె ఎగువ చెక్కలో తొలికోత కోసింది, నూర్చింది, అంతా తట్టకెత్తింది. నాన్న చాలా నెమ్మదిగా అడిగాడు, "పోయినేడు సూసి కూడానా అమ్మా?"

మామ్మ తట్టకి తాడు బిగిస్తూ అంది, "సగం సగం మడిసినైతే మీ అయ్య నాకోసరం కాసుకుని ఉండేవోడేటిరా? ఆల్లిచ్చిన జావ తాగి పోయుండేవోడు."

నాన్న తట్ట తనే ఎత్తుకున్నాడు. గుడిలో ఫాదరు బలిపీఠం దిగి ఎదురొచ్చి దాన్ని రెండు చేతులా అందుకున్నారు. బరువుకి ఆయన నడుం కొంచెం వంగింది. ఆ రోజు గుడిలో పొట్లాలు పట్టుకున్న వాళ్ళెవరూ వాటిని వెంటనే ముందుకి తేలేదు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఊరికి తారురోడ్డుంది, గెడ్డ మీద వంతెనుంది, గుడికి పలకల నేల, మైకు, పంకాలు. ప్రతి ఆదివారం పూజ. గంటలో అయిపోతుంది, మైకులో ప్రతి మాటా వినబడుతుంది. కొండవాలుల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, కాఫీ మీదుగా మిరియాల తీగలు. సామలు జల్లేవాళ్ళు లేరు. ఎగువ చెక్కలో పర్యాటకుల కోసం ఎవరో గుడారాలు వేశారు. అడ్డపొగ కాల్చే ఆడమనిషి ఒక్కరూ కనబడరు, తట్టలల్లేవాళ్ళూ లేరు. కోత పూజ మాత్రం ఉంది. గుడి లోపల చోటు చాలదు కాబట్టి కానుకలు గుర్తుకి మాత్రమే తేవాలని ముందు వారమే మైకులో చెబుతారు. చెప్పేది మంచివాడైన కుర్ర ఫాదరు, చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

కిందటేడు ఆ పూజకి వెళ్ళాను. ఉత్తచేతులతో వెళ్ళకూడదని దారిలో అరకు సంతలో గుమ్మడికాయ బేరం చేశాను. కాయంతా మోయలేనేమో, సంచిలో పట్టదేమో అనుకుంటుంటే అమ్మే ఆవిడ కత్తి అందుకుని, "ముక్క కోసీమంటావేటమ్మా?" అంది. కొయ్యమన్నాను. పసుపుపచ్చని ఆ ముక్కని ప్లాస్టిక్ సంచిలో పట్టుకుని కానుకల వరసలో నిలబడ్డాను. నా ముందావిడ చేతిలో పావుకిలో పంచదార ప్యాకెట్టు, ఆమె ముందతని చేతిలో కవరు. వరస చకచకా కదిలింది. కుర్ర ఫాదరు అందరినీ చూసినట్టే నన్నూ చూసి నవ్వి, ముక్కని అందుకుని, బుట్టలో పెట్టారు.